స్ట్రీమింగ్ కోసమే ఒక గేమింగ్ పరికరం: ఎవరు కొనాలి, ఎవరికి ఫోన్ చాలు?

ఇంట్లో టీవీ ఒకటే. ఆటలాడే కన్సోల్ దానికే తగిలించి ఉంది. రెండు రోజులుగా ఆటలో ఒకే బాస్ (దారికి అడ్డం నిలిచే పెద్ద శత్రువు) దగ్గర చస్తున్నారు, ఇవాళ ఎలాగైనా వాడి సంగతి తేల్చాలని ఇంటికొచ్చారు. చూస్తే హాల్లో సినిమా నడుస్తోంది, ఇంకా గంటన్నర ఉంది. ఆ ఆట అలాగే చేతిలోకి వచ్చేస్తే పక్క గదిలో మంచం మీద కూర్చుని ఆడుకోవచ్చు కదా అనిపిస్తుంది అప్పుడు. గేమ్ స్ట్రీమింగ్ పరికరాలు పుట్టింది ఈ కోరికలోంచే. ఆట ఇంకోచోట నడుస్తుంది. మన చేతిలో ఉన్నదానికి బొమ్మ, శబ్దం మాత్రమే వస్తాయి. మనం నొక్కిన బటన్ అక్కడికి వెళ్తుంది.

ఈ పని ఫోన్ కూడా చేస్తుంది. అందుకే "దీనికోసం విడిగా ఇంకో పరికరం ఎవరు కొంటారు?" అని చాలామంది కొట్టిపారేస్తారు. కొన్నేళ్లపాటు నేనూ అలాగే అనుకున్నాను. వాడి చూశాక అభిప్రాయం మారింది, కానీ పూర్తిగా మారలేదు. ఆట మీ సొంత కన్సోల్‌లోనో పీసీలోనో నడుస్తుంటే, దాన్ని చేతికి తెచ్చే పరికరానికి డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. ఆట ఒక కంపెనీ సర్వర్‌లో మాత్రమే నడుస్తుంటే, ఆ ఒక్క సర్వీసు కోసం పరికరం కొనకండి. ఇలా ఎందుకు అంటున్నానో తెలియాలంటే ఇప్పటిదాకా వచ్చిన పరికరాలకు ఏమైందో చూడాలి.

వచ్చినవి, పోయినవి

2010లో అమెరికాలో ఆన్‌లైవ్ అనే సర్వీసు మొదలైంది. అదే ఏడాది చివర్లో టీవీకి తగిలించే చిన్న డబ్బా, దాంతోపాటు కంట్రోలర్ అమ్మారు. అప్పటి ఇంటర్నెట్ వేగాలకు అది నిజంగా సాహసమే. 2012లో కంపెనీ ఆర్థికంగా కుప్పకూలింది, చేతులు మారింది, 2015 ఏప్రిల్ 30న పూర్తిగా మూతపడింది. పేటెంట్లను సోనీ కొనుక్కుంది. అక్కడ డబ్బు కట్టి ఆటలు తీసుకున్నవాళ్లకు ఆ డబ్బా మిగిలింది, ఆటలు మిగల్లేదు.

2019 నవంబర్ 19న గూగుల్ స్టేడియా వచ్చింది. సాంకేతికంగా చూస్తే బాగా ఆలోచించి చేసిన పని అది. దాని కంట్రోలర్ టీవీకో ఫోన్‌కో కాకుండా వైఫై ద్వారా నేరుగా సర్వర్‌కే బటన్ సమాచారం పంపేది, దానివల్ల మధ్యలో ఒక మజిలీ తగ్గేది. అయినా 2023 జనవరి 18న ఆపేశారు. తమ స్టోర్‌లో కొన్న పరికరాలకూ ఆటలకూ డబ్బు వెనక్కి ఇచ్చారు, కంట్రోలర్ మామూలు బ్లూటూత్ కంట్రోలర్‌లా పనిచేసేలా అప్‌డేట్ కూడా ఇచ్చారు. మూసేసే పద్ధతిలో ఇంత మర్యాద అరుదు. కానీ రేపు మూతపడే ప్రతి సర్వీసూ ఇలాగే డబ్బు తిరిగిస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు.

మైక్రోసాఫ్ట్ అయితే అమ్మకందాకా రాలేదు. కీస్టోన్ అనే పేరుతో ఎక్స్‌బాక్స్ స్ట్రీమింగ్ డబ్బా తయారు చేసి 2022లో పక్కన పెట్టేసింది. కంట్రోలర్‌తో కలిపి లెక్కేస్తే ధర వాళ్లు అనుకున్న స్థాయికి దిగలేదని అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ స్వయంగా చెప్పారు. కొనేవాళ్లు వేయాల్సిన లెక్క కూడా ఇదే. డబ్బా చవక అంటారు, తీరా కంట్రోలర్, సబ్‌స్క్రిప్షన్ కలిపితే అసలు కన్సోల్ ధర దగ్గరికి వచ్చేస్తుంది. అదే ఏడాది నుంచి కొన్ని స్మార్ట్ టీవీల్లో ఎక్స్‌బాక్స్ యాప్ నేరుగా రావడంతో డబ్బా అవసరమే తగ్గిపోయింది.

పీసీ ఆటలు అమ్మే స్టీమ్ స్టోర్‌ని నడిపే వాల్వ్ కంపెనీ తెచ్చిన స్టీమ్ లింక్ కథ వేరు. 2015 నవంబర్‌లో వచ్చిన ఆ చిన్న నల్ల డబ్బా దూరపు సర్వర్ జోలికి పోలేదు. మీ గదిలోని పీసీలో నడిచే ఆటను హాల్లోని టీవీకి తెచ్చేది, అంతే. 2018లో తయారీ ఆపేశారు. జనానికి నచ్చక ఆగిపోయిందని నేననుకోను. అదే పని చేసే యాప్ ఫోన్లకూ టీవీలకూ వచ్చేసింది, డబ్బా పని యాప్‌లోకి మారింది. ఆ యాప్ ఇప్పటికీ పనిచేస్తోంది.

ఈ లెక్కన 2023 నవంబర్‌లో సోనీ ప్లేస్టేషన్ పోర్టల్ తెచ్చినప్పుడు అదీ మునుగుతుందనే చాలామంది అనుకున్నారు. అప్పట్లో దానికి ఉన్న పని ఒక్కటే, మీ ప్లేస్టేషన్ 5లో నడిచే ఆటను వైఫై మీద చూపించడం. సొంతంగా ఒక్క ఆటా నడపదు. బ్లూటూత్ లేదు. ఫోన్‌లో ఉచితంగా దొరికే రిమోట్ ప్లే యాప్ చేసే పని కోసం 199.99 డాలర్లు. అయినా వచ్చిన కొత్తలో దొరకడమే కష్టమైంది.

ఎందుకు కొన్నారు? చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. ప్లేస్టేషన్ 5తో వచ్చే డ్యూయల్‌సెన్స్ కంట్రోలర్‌ని నిలువునా రెండు ముక్కలు చేసి మధ్యలో 8 అంగుళాల తెర పెట్టినట్టు ఉంటుంది. పిడులు వేళ్లకు ఇప్పటికే అలవాటైన ఆకారంలోనే ఉంటాయి. విల్లు లాగితే ట్రిగ్గర్ బిగుసుకోవడం, వానలో నడిస్తే అరచేతుల్లో సన్నగా చినుకుల అదురు రావడం, ఇవన్నీ వస్తాయి. పవర్ బటన్ నొక్కితే అదే కన్సోల్‌ని నిద్రలేపి ఆటలోకి తీసుకెళ్తుంది. ఫోన్‌లో అయితే కంట్రోలర్ జత చేయాలి, యాప్ తెరవాలి, నోటిఫికేషన్లు ఆపాలి, మధ్యలో కాల్ వస్తే ఆట పోతుంది. ఇవి చిన్న అడ్డంకులే. కానీ రోజు మొత్తంలో దొరికే నలభై నిమిషాల్లో ఆడుకునే మనిషికి ఈ చిన్నవే పెద్దవి. జనం డబ్బు పెట్టింది ఆ సుఖానికి. తాము ముందే కొనుక్కున్న ఆటలు, తమ ఇంట్లోనే ఉన్న కన్సోల్, దాన్ని ఇంకో గదిలోకి తెచ్చుకునే సుఖం.

బటన్ నొక్కాక ఏం జరుగుతుంది

సినిమా స్ట్రీమింగ్ సాఫీగా నడుస్తోంది కాబట్టి గేమ్ కూడా అలాగే నడుస్తుందని అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. సినిమా ముందుగానే కొంత దింపుకుని పెట్టుకుంటుంది, నెట్ రెండు సెకన్లు తడబడినా మీకు తెలియదు. ఆటలో ఆ వెసులుబాటు లేదు. మీరు తర్వాత ఏ బటన్ నొక్కుతారో ఎవరికీ తెలియదు కాబట్టి తర్వాతి బొమ్మను ముందే తయారు చేసి పెట్టుకోలేరు. బటన్ సంకేతం వెళ్లాలి, ఆట దాన్ని లెక్కలోకి తీసుకుని బొమ్మ గీయాలి, ఆ బొమ్మను కుదించాలి, పంపాలి, మీ పరికరం దాన్ని విప్పి తెర మీద చూపాలి. ఇదంతా సెకనుకు 60 సార్లు. అంటే ఒక్కో ఫ్రేముకు, అంటే ఒక్కో బొమ్మకు, దక్కేది 16.7 మిల్లీసెకన్లు.

దూరం కూడా వసూలు చేసుకుంటుంది. ఫైబర్‌లో వెలుగు మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. సర్వర్ 1000 కిలోమీటర్ల దూరంలో ఉంటే రానుపోను 10 మిల్లీసెకన్లు తీగలోనే పోతాయి. దారిలో ఉన్న రూటర్ల వాటా దానికి అదనం. ఎన్ని ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నా ఈ దూరం తగ్గదు. అందుకే క్లౌడ్ సర్వీసు (ఆటను కంపెనీ సర్వర్‌లో నడిపి పంపేది) ఎంచుకునేటప్పుడు వేగం కంటే ముందు మీకు దగ్గరలో వాళ్ల సర్వర్ ఉందా అని చూడాలి. ఎన్విడియా కంపెనీ క్లౌడ్ సర్వీసు జీఫోర్స్ నౌ 1080పీ, 60 ఫ్రేముల ఆటకు 25 ఎంబీపీఎస్ అడుగుతుంది. ఆలస్యం 80 మిల్లీసెకన్ల లోపు ఉండాలంటుంది, 40 లోపు ఉంటే మేలంటుంది. నా అనుభవంలో 40 దాటినా కథ నడిచే ఆటలు, వంతులవారీ ఆటలు హాయిగానే సాగుతాయి. ఫైటింగ్ గేములు మాత్రం ఆడలేం.

ఇంట్లోనే స్ట్రీమ్ చేసుకుంటే దూరం సమస్య పోతుంది, గోడల సమస్య వస్తుంది. మొదటిసారి పడకగదిలో కూర్చుని ఆడిన రాత్రి నాకు బాగా గుర్తు. శత్రువు కత్తి పైకెత్తి దించే క్షణంలో పారీ కొట్టాలి, అంటే సరిగ్గా అప్పుడే బటన్ నొక్కి ఆ దెబ్బను తిప్పికొట్టాలి. టీవీ ముందు పదిసార్లలో ఏడుసార్లు తగిలేది ఇక్కడ ఒక్కటీ తగలడం లేదు. నా చేతులే సరిగ్గా లేవేమో అనుకున్నాను. ఇంతలో తెరమీద చీకటిగా ఉన్న గుహ మూల చిన్న చిన్న చదరాలుగా విడిపోయింది, శబ్దం ఒక క్షణం తెగింది. లేచి కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. బొమ్మ కుదుటపడింది. నాలుగడుగులు కూడా జరగలేదు, కానీ రూటర్‌కీ నాకూ మధ్య రెండు గోడలున్నది ఒకటైంది.

మర్నాడు కన్సోల్ నుంచి రూటర్‌కి లాన్ కేబుల్ వేశాను. అసలు మార్పు అక్కడ వచ్చింది. కన్సోల్ కూడా వైఫై మీదే ఉంటే ప్రతి ఫ్రేమూ గాలిలో రెండుసార్లు ప్రయాణం చేయాలి, కన్సోల్ నుంచి రూటర్‌కి ఒకసారి, రూటర్ నుంచి చేతికి ఇంకోసారి. కేబుల్ వేస్తే ఒక ప్రయాణం తప్పుతుంది. ఆ తర్వాత మంచం మీద కూర్చున్నా పారీలు తగిలాయి, అన్నీ కాకపోయినా ఆట ఆటలా అనిపించేన్ని. పరికరం 5 గిగాహెర్ట్జ్ వైఫై మీదే ఉండేలా చూసుకోవడం కూడా ముఖ్యం. 2.4 గిగాహెర్ట్జ్‌లో చుట్టుపక్కల ఇళ్ల రూటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ అన్నీ కలిసి రద్దీ చేస్తాయి.

ఏది ఎవరికి

ప్లేస్టేషన్ 5 ఇంట్లో ఉండి, టీవీ దొరక్కపోవడమే మీ బాధ అయితే పోర్టల్‌కి సాటి వచ్చేది లేదు. ఒక్క సంగతి కొనకముందే తెలుసుకోండి. రిమోట్ ప్లేలో మీరు వాడుతున్నది అదే కన్సోల్. టీవీలో ఇంకొకరు మామూలు ఛానెల్ చూస్తుంటే ఇబ్బంది లేదు. వాళ్లు ఆ కన్సోల్‌లోనే ఆడుతుంటే మీ చేతిలో పోర్టల్ ఊరికే ఉంటుంది. తమ్ముడో అక్కో అదే కన్సోల్ కోసం పోటీపడే ఇళ్లలో ఇది అసలు చిక్కు. 2024 నవంబర్‌లో కొన్ని ఆటలను క్లౌడ్ నుంచి నేరుగా ఆడే వీలు ప్రయోగాత్మకంగా మొదలైంది, ఏడాది తర్వాత సొంతంగా కొన్న ఆటల్లో కొన్నింటికి కూడా ఆ వీలు వచ్చింది. అప్పుడు కన్సోల్ ఎవరి చేతిలో ఉన్నా పర్వాలేదు. కానీ దానికి ప్లేస్టేషన్ ప్లస్ ప్రీమియం కావాలి, ఆ ప్లాన్ అన్ని దేశాల్లోనూ దొరకదు. మీ ఖాతా ఉన్న దేశంలో ఉందో లేదో చూసుకున్నాకే ఆ ఆశ పెట్టుకోండి. హెడ్‌ఫోన్ల సంగతి కూడా మరిచిపోవద్దు. వైరువి పెట్టుకోవచ్చు, సోనీ సొంత వైర్‌లెస్ పద్ధతివి పెట్టుకోవచ్చు, మీ దగ్గరున్న మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మాత్రం నేరుగా కలవవు.

పీసీలో ఆడేవాళ్లకు నేను స్ట్రీమింగ్‌కే పరిమితమైన పరికరాన్ని సూచించను. 2022లో రెండు పరికరాలు వచ్చాయి, వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే కారణం అర్థమవుతుంది. లాజిటెక్ జీ క్లౌడ్ ఆండ్రాయిడ్ మీద నడుస్తుంది, 7 అంగుళాల 1080పీ తెర, చేతిలో తేలిక, కంపెనీ లెక్క ప్రకారం 12 గంటల బ్యాటరీ. స్ట్రీమింగ్ పనికి చాలా చక్కగా కుదిరిన యంత్రం. వచ్చినప్పుడు ధర 349.99 డాలర్లు. అదే ఏడాది వచ్చిన స్టీమ్ డెక్, అంటే సొంతంగానే ఆటలు నడిపే వాల్వ్ చేతి పీసీ, మొదటి మోడల్ అప్పట్లో 399 డాలర్లు. బరువెక్కువ, ఫ్యాన్ మోత ఉంటుంది, పెద్ద ఆటలు నడిపితే బ్యాటరీ రెండు గంటల్లో కూడా అయిపోవచ్చు. కానీ నెట్ లేనిచోట, రైల్లో, కరెంటు పోయి రూటర్ ఆగిపోయినప్పుడు ఆట నడుస్తూనే ఉంటుంది. పైగా స్ట్రీమింగ్ కూడా చేస్తుంది. మూన్‌లైట్ యాప్‌తో మీ పీసీ ఆటలు వస్తాయి, చియాకీతో ప్లేస్టేషన్ ఆటలు వస్తాయి, జీఫోర్స్ నౌ యాప్ 2025లో దీనికోసమే విడిగా వచ్చింది. స్ట్రీమ్ చేసేటప్పుడు లోపలి చిప్‌కి పెద్ద పని ఉండదు కాబట్టి బ్యాటరీ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. తేడా అలా ఓ 50 డాలర్లే అయితే నేను రెండోదే తీసుకుంటాను. తేలికదనం, తెర స్పష్టత, బ్యాటరీ ఇవే మీకు ప్రాణమైతే, ఇంట్లో వైఫై గట్టిగా ఉంటే, మొదటిది తీసుకున్నా తప్పు పట్టను.

ఫోన్‌కి రెండువైపులా తగిలించే కంట్రోలర్, బ్యాక్‌బోన్, రేజర్ కిషి లాంటివి, చాలామందికి సరైన మొదటి మెట్టు. ఫోన్ తెర మంచిదే, ప్రాసెసర్ మంచిదే, మొబైల్ డేటా కూడా ఉంది. లోటు రెండు చోట్ల కనిపిస్తుంది. టీవీ కోసం రాసిన ఆటల్లో అక్షరాలు ఆరంగుళాల తెరమీద చీమల్లా కనిపిస్తాయి. ఇన్వెంటరీ (ఆటలో మన దగ్గరున్న వస్తువుల జాబితా) చదవడానికి కళ్లు చిట్లించాల్సి వస్తుంది. రెండోది, ఆట అయ్యేసరికి ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, ఆ ఫోన్‌తోనే మర్నాడు పొద్దున పని ఉంటుంది. మొబైల్ డేటా మీద ఆడేవాళ్లు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. 20 ఎంబీపీఎస్ స్ట్రీమ్ గంటకు 9 జీబీ తినేస్తుంది. రోజుకు ఇంత అని పరిమితి ఉన్న ప్లాన్‌లో అది అరగంట ఆట కూడా కాకపోవచ్చు.

కన్సోల్ లేదు, మంచి పీసీ లేదు, స్ట్రీమింగ్‌తోనే గేమింగ్ మొదలుపెట్టాలని ఉంది అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది ఏ పరికరమూ కొనొద్దనే. ఉన్న లాప్‌టాప్‌కో స్మార్ట్ టీవీకో ఒక మంచి బ్లూటూత్ కంట్రోలర్ జత చేసి ఒక నెల సబ్‌స్క్రిప్షన్ తీసుకోండి. సర్వీసు పోయినా కంట్రోలర్ పనికొస్తుంది. సర్వీసుల్లోనూ తేడా గమనించాలి. జీఫోర్స్ నౌ మీరు స్టీమ్ లాంటి చోట్ల కొనుక్కున్న ఆటలనే నడుపుతుంది. రేపు ఆ సర్వీసు ఆగినా ఆటలు మీ స్టీమ్ ఖాతాలో ఉంటాయి, పీసీ కొన్నాక ఆడుకోవచ్చు. కానీ మీరు కొన్న ప్రతి ఆటా అందులో ఉండదు. పబ్లిషర్ ఒప్పుకోవాలి. 2020లో ఆ సర్వీసు అందరికీ తెరుచుకున్న కొద్ది రోజులకే యాక్టివిజన్ బ్లిజార్డ్ తన ఆటలను తీసేసింది. ఉచిత ప్లాన్‌లో గంటకోసారి ఆట ఆగిపోతుంది, మళ్లీ వరుసలో నిలబడాలి. ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్‌లో ఆటల గుత్తి వస్తుంది, విడిగా కొనక్కర్లేదు, కానీ చందా ఆపిన రోజున ఆ గుత్తి కూడా పోతుంది. ఎక్కువ రకాలు రుచి చూడాలనుకునేవాళ్లకు అది బాగుంటుంది. ఒకే ఆటను ఏడాదిపాటు ఆడేవాళ్లకు గిట్టదు.

కొనేముందు ఒక వారం

ఏది కొనాలనుకున్నా ముందు ఒక వారం ఫోన్‌లోనే ఆడి చూడండి. మీ కన్సోల్ రిమోట్ ప్లే యాప్ గానీ, పీసీకి మూన్‌లైట్ గానీ, ఉచితంగా దొరుకుతాయి. కన్సోల్‌కి ఇప్పటికే ఉన్న కంట్రోలర్‌ను ఫోన్‌కి జత చేయండి. మీరు నిజంగా ఆడబోయే చోట, నిజంగా ఆడే సమయంలో ఆడండి. పగలు ఎవరూ లేనప్పుడు పరీక్షిస్తే లాభం లేదు, రాత్రి ఇంటిల్లిపాదీ వీడియోలు చూస్తున్నప్పుడు ఎలా ఉందో తెలియాలి. చీకటి దృశ్యాలున్న ఆట ఒకటి, వేగంగా కెమెరా తిరిగే ఆట ఒకటి ఎంచుకోండి. బొమ్మ నాణ్యత లోపాలు ఆ రెండింటిలోనే ముందుగా బయటపడతాయి. గడ్డి, వాన, పొగ ఉన్న దృశ్యాలను కూడా గమనించండి, కుదింపుకి అవి కొరుకుడు పడవు.

వారం తిరిగాక మీకు ఏది విసుగనిపించిందో చూసుకోండి. తెర చిన్నది, ఫోన్ వేడెక్కుతోంది, ప్రతిసారీ జత చేయడం చిరాకు అనిపిస్తే ప్రత్యేక పరికరం ఆ బాధలన్నీ తీరుస్తుంది, ధైర్యంగా కొనండి. అడుగు ఆలస్యంగా పడుతోంది, బొమ్మ చెదురుతోంది అనిపిస్తే ఏ పరికరం కొన్నా అదే చెదురు అందులోనూ కనిపిస్తుంది. ముందు కన్సోల్‌కి కేబుల్ వేయండి, రూటర్‌ని అలమర వెనక నుంచి బయటికి తీసి ఎత్తులో పెట్టండి, ఇల్లు పెద్దదైతే ఆడే గదికి ఇంకో వైఫై యాక్సెస్ పాయింట్ పెట్టండి. తర్వాత అదే ఫోన్‌తో అదే మంచం మీద ఇంకో వారం ఆడండి.